కాళ్ళకో లెక్క, చేతులకో తాళం

(ఒక వయోధికుల సంఘం ఉదయపు సమావేశంలో ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు. వినికిడి గురించి నేను తర్వాత ఎలాగూ మాట్లాడాలి.

పొద్దున గోదావరి గట్టు మీద నడుచుకుంటూ వస్తుంటే నా ముందు ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్తున్నారు. ఒకాయన పక్కాయన్ని అడిగారు, "మీ చిన్నవాడు పుణేలోనే ఉన్నాడా, మారాడా?" అని. పక్కాయన నడక ఆపేశారు. నిలబడి, ఆలోచించి, "మారాడండీ, నోయిడా" అన్నారు. అని మళ్ళీ కదిలారు. ఇంకో ప్రశ్న వచ్చింది, మళ్ళీ ఆగారు. దాటుకుపోతే బాగుండదని నేనూ వాళ్ళ వెనకాలే ఆగుతూ కదులుతూ వచ్చాను. పది నిమిషాలు ఆలస్యమైంది, క్షమించండి.

చూసేవాళ్ళకి అది మామూలు విషయం. పెద్దవాళ్ళు కదా, నిదానంగా కబుర్లు చెప్పుకుంటున్నారు అనుకుంటారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి మాత్రం అలా ఆగడం కంటపడితే మనసు అక్కడే ఉండిపోతుంది. స్వీడన్‌లో కొందరు పరిశోధకులు సరిగ్గా ఈ సంగతి మీదే 1997లో ఒక చిన్న పత్రం ప్రచురించారు. వృద్ధుల వసతి గృహాల్లో ఉండే 58 మందితో నడుస్తూ కబుర్లాడారు. 12 మంది మాట మొదలవగానే నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది ఎక్కడో ఒకచోట పడ్డారు. ఏ మెషీనూ లేదు, రక్తపరీక్ష లేదు. పక్కన నడుస్తూ మాట్లాడటం, అంతే.

ఎందుకలా? నడక మనకి ఏడాది నిండేసరికి వచ్చిన విద్య. దానికి బుర్రతో పనేముంది అనుకుంటాం. వయసులో ఉన్నప్పుడు చాలావరకు నిజమే. అరవై దాటాక తొడల్లో బలం తగ్గుతుంది. అరికాళ్ళకి నేల తెలియడం తగ్గుతుంది, షుగరున్నవాళ్ళకి మరీను. చూపు మందగిస్తుంది. ఒళ్ళు ఎటు ఒరుగుతోందో లోపలి చెవి చెప్పే కబురు ఆలస్యంగా అందుతుంది. ఈ లోటంతా మెదడు ముందుభాగం పూడ్చాలి. అంటే ఇప్పుడు నడవడానికి కూడా బుర్ర కొంత ఖర్చు పెట్టాల్సి వస్తోంది. సరిగ్గా అప్పుడే "మీ చిన్నవాడు ఎక్కడ" అని ఎవరో అడిగారు. గుర్తు తెచ్చుకోవడానికి మిగిలింది చాలదు. అందుకని ఒళ్ళు తెలివిగా కాళ్ళని ఆపేస్తుంది. ఆగడం తప్పు కాదండీ, అది మంచి జాగ్రత్తే. కాకపోతే బొక్కసంలో ఎంత మిగిలిందో మనకి చెప్పేస్తోంది.

మన తెలుగువాళ్ళకి ఈ విషయం పెద్దగా వివరించక్కర్లేదు, మనకి అష్టావధానం ఉంది కాబట్టి. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది అంటారు, ఇంకొకరు నిషిద్ధాక్షరి అని ప్రతి అక్షరానికీ అడ్డు తగులుతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు పక్కనుంచి గిల్లుతూనే ఉంటారు. ఈ గొడవలో ఎవరో టంగుమని గంట కొడతారు, మొత్తం ఎన్ని కొట్టారో అవధానిగారు లెక్క తప్పకుండా చెప్పాలి. అన్నీ అయ్యాక ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ గుర్తుంచుకుని తిరిగి అప్పజెప్పడం. ఇక్కడ అవధానాలు చూసిన చేతులెన్ని? చాలానే ఉన్నాయి. ఆ ఎనిమిది పనులూ మనవల్ల కాదు, నావల్ల అసలే కాదు. మనకి రెండు చాలు. కాలికో పని, తలకో పని, ఒకేసారి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ రెంటి గురించే.

అయితే ముందు ఒక్క నిమిషం, ఒంటి కదలికకీ జ్ఞాపకానికీ అసలు చుట్టరికం ఏమిటో చూద్దాం. చెవులకి కాస్త పైన, మెదడు లోపలి పొరల్లో, రెండు వైపులా చెరొకటి, హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. ఆకారం సముద్రపు గుర్రం లాగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. నిన్న రాత్రి ఏం తిన్నాం, బండి ఎక్కడ పెట్టాం, ఈ సందు ఎటు తిరుగుతుంది, ఇలాంటి కొత్త సంగతులు ముందు దాని చేతిలో పడతాయి. వయసు మీద పడ్డాక అది ఏటా నూటికి ఒకటి, రెండు వంతుల చొప్పున తగ్గుతూ వస్తుంది. అమెరికాలో 120 మంది పెద్దవాళ్ళని రెండు జట్లు చేసి ఏడాది పాటు పరీక్షించారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు, క్రమంగా పెంచుకుంటూ 40 నిమిషాల దాకా చురుగ్గా నడిచింది. రెండో జట్టు ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసింది. 2011లో ఫలితం ప్రచురించారు. నడిచినవాళ్ళ హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. రెండో జట్టులో సుమారు 1.4 శాతం తగ్గింది. తగ్గాల్సినది పెరగడం చూసి అప్పట్లో అందరూ ఆశ్చర్యపోయారు.

కాబట్టి గట్టు మీద మీ నడక మానమని నేను అననే అనను. దాని పక్కన ఇంకొకటి చేర్చమంటున్నాను. పదేళ్ళుగా ఒకే దారిలో, ఒకే వేగంతో, ఫోన్లో అవే పాటలు వింటూ నడిస్తే గుండెకి మంచిదే. బుర్రకి మాత్రం అందులో కొత్తేమీ లేదు. దారి కాళ్ళకి కంఠతా వచ్చేసింది.

ఇక్కడ మా మామగారి సంగతి చెప్పాలి. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఎవరు కూడిక చేసినా వినపడితే చాలు, జవాబు ఆయన ముందే చెప్పేస్తారు. ఒకరోజు హాల్లో అటూ ఇటూ నడుస్తుంటే, "మామయ్యగారూ, నడక ఆపకుండా పందొమ్మిదో ఎక్కం చెప్పండి" అన్నాను. ఆయనకి కోపమొచ్చింది, నన్ను పరీక్ష పెడతావా అని. పంతంగా మొదలుపెట్టారు. పందొమ్మిదారులు నూట పద్నాలుగు దాకా దర్జాగా వచ్చారు. పందొమ్మిదేళ్ళు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నూట ముప్ఫై మూడు అని చెప్పాకే అడుగు పడింది. కూర్చుని ఉంటే ఆ ఎక్కం ఆయన నిద్రలో కూడా చెప్పగలరు. ఆయనకి అదే విచిత్రంగా తోచింది. "తప్పు నా లెక్కలో లేదమ్మా, నా కాళ్ళలో ఉంది" అన్నారు. నేను చెప్పాలనుకున్న మాట ఆయనే చెప్పారు.

మర్నాటి నుంచి ఆయనకి అదొక ఆటయింది. పందొమ్మిది కుదిరాక ఎక్కం కింద నుంచి పైకి. అది కుదిరాక ప్రభవ, విభవ అని సంవత్సరాల పేర్లు, ఒకటి విడిచి ఒకటి. నేను ఆయనకి చెప్పింది ఒక్కటే. తడబడుతున్నంత సేపూ సాధన జరుగుతున్నట్టు, గడగడా వచ్చేసిన రోజు ఇక మార్చేయాలని. బడిలో తప్పు చేస్తే బెత్తం దెబ్బ తిన్న తరం మీది. తప్పు అనగానే మొహాలు ముడుచుకుంటాయి. ఇక్కడ తప్పు పోవడమే కావాలి. ఒక్క తప్పూ లేకుండా చేసేస్తున్నారంటే ఆ వ్యాయామం మీ స్థాయికి తక్కువన్న మాట.

జపాన్‌లో ఒబు అనే ఊళ్ళో వృద్ధాప్యం మీద పరిశోధన చేసే జాతీయ కేంద్రం ఉంది. వాళ్ళు కాగ్నిసైజ్ అని ఒక పద్ధతి తయారుచేశారు. ఆలోచన, వ్యాయామం అనే రెండు ఇంగ్లీషు మాటలు అతికించి పెట్టిన పేరు. పేరు భారీగా ఉంది గానీ పని చాలా తేలిక. నిలబడి అడుగులు వేస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి. మూడు, ఆరు, తొమ్మిది, ఇలా మూడుతో భాగింపబడే ప్రతి అంకెకీ చప్పట్లు కొట్టాలి. అంతే. చేస్తే తెలుస్తుంది. పన్నెండు దాకా అందరూ బాగానే వస్తారు. తర్వాత ఎవరో ఒకరు పదహారుకి కొడతారు, పక్కవాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వులో పద్దెనిమిది ఎగిరిపోతుంది. వాళ్ళు చెప్పే నియమం కూడా మా మామగారికి నేను చెప్పినదే. అలవాటు పడగానే పని మార్చండి, అప్పుడప్పుడూ తప్పు పోయేంత కష్టం ఉండాలి అంటారు.

మనకి ఇలాంటివి జపాన్ నుంచి తెచ్చుకోవలసిన ఖర్మ లేదండీ. ఇక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో చెమ్మచెక్క ఆడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? చారడేసి మొగ్గ అంటూ చేతులు ఎదురుబొదురుగా, అడ్డంగా మార్చి మార్చి కొట్టాం. నోట్లో పాట, చేతిలో వరస, ఎదుటి మనిషి వేగం, మూడూ ఒకేసారి. అచ్చనగాయలు ఆడాం. ఒక గింజ పైకెగరేసి, అది కిందికొచ్చేలోపు నేలమీదవి ఏరి, పైదాన్ని పట్టుకోవడం. కంటికీ చేతికీ అంతకంటే మంచి కసరత్తు నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు. జర్మనీలో అరవై ఏళ్ళ ప్రాయంలో ఉన్నవాళ్ళకి మూడు బంతులు ఎగరేసి పట్టుకోవడం మూడు నెలలు నేర్పి మెదడు స్కాన్లు తీశారు, 2008లో. నేర్చుకున్నవాళ్ళ మెదడులో కదిలే వస్తువుల్ని కంటితో అనుసరించే చోటా, హిప్పోక్యాంపస్‌లోనూ మార్పు కనిపించింది. ఎగరేయడం మానేశాక కొన్ని నెలలకి అది మళ్ళీ తగ్గింది. ఈ రెండో ముక్కని వార్తల్లో ఎవరూ రాయరు. మందుబిళ్ళ కాదు ఇది, కోర్సు పూర్తిచేసి పక్కన పెట్టేయడానికి.

కోలాటం సంగతికొద్దాం. అది నా అభిమాన విషయం, కాస్త ఎక్కువసేపు చెబితే భరించండి. కోలాటంలో ఏముంది? అడుగు తాళానికి పడాలి. చేతిలో రెండు కర్రలు. ఒక దెబ్బ సొంత కర్ర మీద, ఒకటి కుడివైపు వాళ్ళ కర్రకి, ఒకటి ఎడమవైపు వాళ్ళకి. గుండ్రంగా తిరుగుతూ లోపలికీ బయటికీ మారాలి. నోటితో పాట అందుకోవాలి. ఒకరు తప్పితే మొత్తం గుంపు తప్పుతుంది. న్యూయార్క్ బ్రాంక్స్ ప్రాంతంలో 75 ఏళ్ళు పైబడిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. చదవడం, చదరంగం లాంటి బల్లమీది ఆటలు, వాయిద్యం వాయించడం, ఇవి చేసేవాళ్ళలో మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా, తక్కువగా కనిపించింది. ఒళ్ళు కదిలించే పనులు చాలా పట్టిక వేశారు, ఈత, సైకిలు, నడక, ఇంటిపని. వాటిలో స్పష్టంగా తేడా కనిపించినది ఒక్కదానికే, నాట్యానికి. మామూలు జనం జతగా చేసే డాన్సుకి. అయితే దీన్ని వాట్సాప్ ఫార్వర్డ్ చేసినట్టు తీసుకోకండి. జబ్బు లోపల మొదలైనవాళ్ళు ముందే డాన్సు మానేసి ఉండొచ్చు, అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇలాంటి గమనింపు అధ్యయనాలన్నిటికీ ఆ చిక్కు ఉంది.

జెనీవాలో చేసినది అంతకంటే గట్టిది. అక్కడ వందేళ్ళ కిందట డాల్‌క్రోజ్ అనే సంగీతం మాస్టారు, సంగీతాన్ని ఒంటితో నేర్చుకోవాలని ఒక పద్ధతి పెట్టాడు. పియానో వేగం మారితే నడక మారాలి, పాట ఆగితే ఆగాలి, చేతులు ఒక లెక్కలో, కాళ్ళు ఇంకో లెక్కలో. ఆ పద్ధతిని 65 దాటిన 134 మందితో, వారానికి ఒక గంట చొప్పున ఆరు నెలలు పరీక్షించారు. కొందరికి వెంటనే, కొందరికి ఆరు నెలలు ఆలస్యంగా నేర్పించి పోల్చారు. నేర్చుకున్నవాళ్ళు కింద పడటం దాదాపు సగానికి తగ్గింది. వారానికి ఒక్క గంట! నాకైతే దీన్ని చదివినప్పుడు మా ఊరి రామాలయం ముందు కోలాటమే కళ్ళముందు ఆడింది.

మరి కోలాటం ఇప్పుడు చేయగలమా అంటారు. మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళున్నారు, నడుం బెల్టులున్నాయి. కుర్చీ కోలాటం చేద్దాం. కుర్చీలు గుండ్రంగా వేసుకుని, అప్పడాల కర్ర పొడుగున్న కర్రలు రెండేసి పట్టుకుని, పాదాలు నేలమీద తాళం వేస్తూ ఉండగా చేతులు పని చేస్తాయి. కర్రలు లేకపోతే పాత పేపర్లు గట్టిగా చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, తగిలినా దెబ్బుండదు. నాలుగు దెబ్బల వరసతో మొదలుపెట్టి ఆరుకి, ఎనిమిదికి పెంచాలి. పాడేది మీకు వచ్చిన పాటే పాడండి. పాట కొత్తగా ఉండక్కర్లేదు, వరస కొత్తగా ఉండాలి.

సంగీతం నేర్చుకున్నవాళ్ళుంటే ఇంకో మంచి దారి ఉంది. ఆది తాళం. అరచెయ్యి తొడ మీద వేసి, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు లెక్కపెట్టి, తర్వాత రెండుసార్లు వేసి విసరడం, మొత్తం ఎనిమిది. కుడి చేత్తో ఇది వేస్తూ, కూర్చున్న చోటే కాళ్ళతో నడక నడవండి. కుదిరిందా? ఇప్పుడు నోటితో తెలుగు నెలలు ఫాల్గుణం నుంచి వెనక్కి చెప్పండి. ఫాల్గుణం, మాఘం, పుష్యం, మార్గశిరం. వేళ్ళు ఎక్కడో ఒకచోట చిక్కుపడతాయి. నాకు ఇప్పటికీ భాద్రపదం దగ్గర పడతాయి. సంగీతం రాకపోతే వేళ్ళ ఆట చాలు. కుడి చేతి బొటనవేలు పైకి, ఎడమ చేతి చిటికెన వేలు పైకి. ఇప్పుడు మార్చండి, కుడి చిటికెన, ఎడమ బొటన. మళ్ళీ మార్చండి. అదిగో, మొదటి వరుసలో సారుకి రెండు బొటనవేళ్ళూ లేచాయి. నవ్వకండి, మీ చేతులు కూడా చూసుకోండి.

ఇంకొకటి నేలమీద గళ్ళు. ఇదీ జపాన్‌లో బాగా పరీక్షించిన పద్ధతే. మన తొక్కుడుబిళ్ళకి వరసకి చెల్లెలు. జానెడు కంటే కొంచెం పెద్ద గళ్ళు, అంటే 25 సెంటీమీటర్లవి, అడ్డంగా నాలుగు, పొడుగునా పది గీయాలి. మేడ మీద సుద్దముక్కతో గీయొచ్చు. తడి ముగ్గు మాత్రం వద్దు, జారుతుంది. ముందు ఒకరు ఒక వరసలో అడుగులేసి చూపిస్తారు. ముందుకు రెండు, పక్కకి ఒకటి, మళ్ళీ ముందుకు, ఏటవాలుగా ఒకటి. చూసినవాళ్ళు ఆ వరస గుర్తుపెట్టుకుని అదే వేసుకుంటూ పోవాలి. గీత తొక్కకూడదు. చూడాలి, దాచుకోవాలి, కాలితో తిరిగి రాయాలి. ధారణ అంటే ఇదే కదా. ఒంటికాలి గెంతు మాత్రం ఖచ్చితంగా నిషేధం. తొక్కుడుబిళ్ళ అనగానే కొందరి కళ్ళు మెరిశాయి, అందుకే ముందే చెబుతున్నాను.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి నేను కథలాగా చెప్పను, నా తప్పే ఒకటి చెబుతాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక పెద్దావిడని నడుస్తూ వందలోంచి ఏడేసి తీసేయమన్నాను. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి కాగితం మీద రాసుకుంటున్నాను. ఎనభై ఆరు దగ్గర ఆవిడ పూర్తిగా లెక్కలో మునిగిపోయారు. చీర కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడ్డాయి. తోడొచ్చిన మనవరాలు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి కాగితం పక్కన పెట్టి, రాయడం తర్వాత చేస్తాను. తలకి పని ఇచ్చినప్పుడు కాళ్ళ మీద కాపలా తగ్గుతుంది, అది ఈ సాధన స్వభావమే. అందుకే మొదటి రెండు వారాలు అందరూ కూర్చునే చేయాలి. తర్వాత నిలబడి, ఒక పక్క గోడ, వెనక కుర్చీ. వంటింటి గట్టు అన్నిటికంటే మంచి చోటు, కదలదు, పట్టుకోవడానికి ఎత్తు సరిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీ ఆసరాగా పనికిరాదు, మనతోపాటే వస్తుంది. హవాయి చెప్పులు, టైల్స్ మీద సాక్సులు వద్దు. పంచె, చీర కాస్త పైకి దోపుకోండి. రెండు పవర్ల కళ్ళజోడు పెట్టుకుని కిందికి చూస్తే మెట్టు, గీత చెదురుతాయి, గళ్ళ ఆటకి దూరపు చూపు అద్దాలు నయం. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు కూర్చున్న చోటు నుంచి లేచాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు కదలండి. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పరగడుపున చేయొద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ఆరోజు చూసి ఆనందించండి, అంతే. ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినవాళ్ళు ముందు వాళ్ళనడిగి రండి.

మీ స్థితి మీరే చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి, వచ్చి కూర్చోవాలి. మనవడిని ఫోన్లో టైము చూడమనండి. 12 సెకన్లు, ఇంకా పైన పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క, ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి. తర్వాత అదే నడక కూరగాయల పేర్లు చెబుతూ చేయండి. రెండు టైములకీ తేడా బాగా ఎక్కువుంటే, ఇందాక చెప్పిన ఖర్చు ఎక్కువవుతోందన్న మాట. మూడు నెలలకోసారి రాసిపెట్టుకుంటే చాలు. రోజూ చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మరో సంగతి. గుంజీళ్ళు తీస్తే మెదడు పదునెక్కుతుందని, చెవి తమ్మెలు పట్టుకుంటే కుడి మెదడూ ఎడమ మెదడూ కలుస్తాయని వీడియోలు తిరుగుతున్నాయి. మీలో సగంమంది నాకు పంపారు కూడా. మెదడు రెండు భాగాల మధ్యా పుట్టుకతోనే సుమారు 20 కోట్ల తంతువుల వంతెన ఉంది. అవి కలవడానికి మన చెవులతో పనిలేదు. గుంజీళ్ళు తొడలకి చక్కటి వ్యాయామం, మోకాళ్ళు ఒప్పుకుంటే వినాయకుడి ముందు నిరభ్యంతరంగా తీయండి. దానికి లేని గొప్ప అంటగట్టడం ఎందుకు?

ఇంకా ముఖ్యమైన నిజం ఒకటుంది. ఈ సాధన ఉన్న జబ్బుని తగ్గించదు. ఇంగ్లండులో మతిమరుపు జబ్బు ఒక మోస్తరు దశలో ఉన్న 494 మందితో నాలుగు నెలలు గట్టి వ్యాయామం చేయించి 2018లో ఫలితాలు చెప్పారు. ఒంట్లో బలం, దమ్ము పెరిగాయి. జ్ఞాపకం జారిపోవడం మాత్రం నెమ్మదించలేదు. కాబట్టి ఇంట్లో ఆ జబ్బున్న మనిషి ఉంటే, "నువ్వు సరిగ్గా చేయడం లేదు" అని వాళ్ళని ఎక్కాలతో వేధించకండి. వాళ్ళకి తాళం వేస్తూ పాడుకోవడం సంతోషం ఇస్తే అంతవరకే. మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి 7 మందికి పైగా ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన అంచనా. అంటే ఈ హాల్లో ఉన్నంతమంది ఇళ్ళలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. సిగ్గుపడే విషయం కాదు.

కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వేరు, తెలిసిన సందులోనే దారి తప్పడం వేరు. పాలవాడికి ఒకే నెల రెండుసార్లు డబ్బులిచ్చి, ఇచ్చినట్టే గుర్తు లేకపోతే, అలాంటివి మాటిమాటికీ జరుగుతుంటే, నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. థైరాయిడ్ తక్కువైనా, బీ 12 విటమిన్ పడిపోయినా, లోపల దిగులు పేరుకున్నా మతిమరుపు వస్తుంది, వాటికి మందుంది. షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకునే శాకాహారులు బీ 12 ఒకసారి చూపించుకోవడం మంచిది. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా బుర్రని మొద్దుబారుస్తాయి. ఇక చెవులు. 2024లో లాన్సెట్ పత్రిక సంఘం మతిమరుపు జబ్బుకి మనం మార్చుకోగల కారణాలు 14 లెక్కగట్టింది. వినికిడి తగ్గడం అందులో పెద్దవాటిలో ఒకటి. సరిగ్గా వినపడని మాట గుర్తేముంటుంది? మిషను పెట్టుకుంటే ముసలివాళ్ళలా కనిపిస్తామని మానేసే సార్లు ఇక్కడే నలుగురు నాకు తెలుసు, పేర్లు చెప్పను.

ఎన్ని రోజులు చేయాలి అని ఇందాక మేడమ్ చీటీ పంపారు. నా మాటగా చెబుతున్నాను. వారానికి ఐదు రోజులు, పది పన్నెండు నిమిషాలు, మీ మామూలు నడక కాక. తూకం నిలుపుకునే వ్యాయామాలు పెద్దవాళ్ళు వారానికి మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. ఒక్కరే చేస్తే పది రోజుల్లో మానేస్తారు, నా అనుభవం అది. ఇద్దరు ముగ్గురు కలిస్తే సాగుతుంది. మా మామగారికి ఇప్పుడు ఎదురింటి బాబాయిగారు తోడు. ఈయన ఎక్కం చెబుతుంటే ఆయన మధ్యలో "ఇవాళ పేపర్లో చూశారా" అంటూ అప్రస్తుత ప్రసంగం చేస్తారు. మామగారి జ్ఞాపకశక్తి పెరిగిందా అని అడిగితే నా దగ్గర కొలత లేదు. నడుస్తూ మాట్లాడేటప్పుడు ఆగడం తగ్గింది, అది మాత్రం నేను కళ్ళారా చూశాను.

సరే, ఉప్మా చల్లారిపోతుందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ఐదు నిమిషాలు ఇవ్వండి. కుర్చీలు ఒకదానికొకటి తగలకుండా చెయ్యి చాచినంత దూరం జరపండి. చేతికర్రలు కుర్చీ కిందికి. ఎవరూ లేవొద్దు, ఇవాళ కూర్చునే. పాదాలు రెండూ నేలమీద ఆనించండి. కుడికాలితో మొదలు, మూడో లెక్కకి చప్పట్లు. పదహారుకి కొట్టినవాళ్ళు ఆగకుండా సాగిపోవాలి. ఒకటి, రెండు...